ట్రయల్ రూములో గుంజీళ్లు

మాస్టరు కుట్టుమిషనుకి మళ్లీ నూనె పోస్తున్నాడు.

నిన్న పోసిందే ఇంకా ఆరలేదు. సందుల్లోంచి కారి, పెడలు మీదికి దిగి, అక్కణ్ణుంచి అతని చెప్పులకి అంటి, షాపు గచ్చంతా నల్లటి అడుగులై తిరుగుతోంది. అయినా అతను నూనె డబ్బా ముక్కుని మరో రంధ్రంలో దూర్చి టక్కుటక్కుమని నొక్కుతూనే ఉన్నాడు. కారణం లేకపోలేదు. పొద్దున్నే వచ్చి కూర్చుని కాలు వేస్తే పెడలు కదలడం లేదు. బండరాయి మీద పాదం ఆనించినట్టుంటోంది. చక్రాన్ని చేత్తో తిప్పి, పళ్లు బిగించి, కిందామీదా పడి నాలుగైదుసార్లు తొక్కితే అప్పుడు దారికొస్తుంది. వచ్చాక మాత్రం కాసేపు మహా హుషారుగా పరిగెడుతుంది. ఇది మిషను మొండితనం కాక మరేమిటి? మీసాలు రాని వయసు నుంచి మిషను మీద బతికినవాడికి ముందు మిషను మీదే అనుమానం వస్తుంది గానీ, తన కాళ్ల మీద రాదు.

"ఇంకాస్త పొయ్యండి మాస్టారూ, మిషను ఈత నేర్చుకుంటుంది," అంది కాజాల మామ్మ. ఆ షాపులో చొక్కాలకీ కోట్లకీ కాజాలు కుట్టే పెద్దావిడ ఆమె. కళ్లజోడు ముక్కు చివర, మాట నాలుక చివర పెట్టుకుని కూర్చుంటుంది.

"నీకేం మామ్మా, సూదితో పోయే పని. తొక్కేవాడికి తెలుస్తుంది," అన్నాడు మాస్టరు. అని లేచి గుమ్మం దాకా నడిచాడు. సిగరెట్టు వెలిగించాడు. రెండు దమ్ములు లాగి ఆర్పేసి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఈ మధ్య అతనికి కూర్చుంటే లేవాలనీ, లేస్తే కూర్చోవాలనీ ఉంటోంది. రెంటిలో లేవడమే కష్టంగా ఉంది.

షాపు అతని బావమరిదిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. మాస్టరు దగ్గరే పని నేర్చుకుని, మాస్టరుకే జీతం ఇచ్చేదాకా ఎదిగాడు. అందులో ఇద్దరికీ నామోషీ లేదు. ఆ వారం మాత్రం ఆ కుర్రాడికి, నలభై దాటినవాణ్ణి కుర్రాడనొచ్చో లేదో గాని మాస్టరు కళ్లకి వాడు కుర్రాడే, కాలు ఒకచోట నిలవడం లేదు. ఊళ్లోకెల్లా పెద్ద హోటలు వాళ్లు తమ పనివాళ్లందరికీ నీలం కోట్లు కుట్టమని బట్ట పంపారు. శనివారానికి అందిస్తే ఇక ఏటా బట్ట ఈ షాపుకే వస్తుంది. అందించకపోతే ఎదురు వీధి షాపువాడు నోరు తెరుచుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఒరేయ్, ఈ మిషను పట్టేస్తోంది. ఓసారి చూడు," అన్నాడు మాస్టరు.

బావమరిది మెడలో టేపు వెనక్కి తోసుకుని వచ్చి కూర్చున్నాడు. ఒక్క కాలు వేశాడు. టకటకటకమని సూది వాన కురిసినట్టు దిగింది.

"వెన్నలా నడుస్తోంది బావా. మిషనుకేం రోగం లేదు," అని లేచి వెళ్లిపోయాడు.

మిషనుకి లేదు. మరి ఎవరికుంది? ఆ మాట ఎవరూ అనలేదు. కానీ మాస్టరుకి వినిపించింది. దారం చివర నోట్లో పెట్టుకుని తడుపుకుని, సూది బెజ్జంలోకి గురిపెట్టాడు. దారం రెండుగా చీలి పక్కకి తప్పుకుంది. మళ్లీ నోట్లో పెట్టాడు. ఎండిన ఆకు మీద పెట్టినట్టు పొడిగానే బయటికొచ్చింది. నోట్లో తడి అనేది లేదు. చెంబెడు నీళ్లు తాగి వచ్చి కూర్చున్నా అంతే. మామ్మ అటు చూడకుండానే చెయ్యి చాపి, దారం అందుకుని, తన పెదవుల మధ్య తడిపి ఇచ్చింది.

మధ్యాహ్నం వేళ బావమరిది కత్తిరింపు బల్ల దగ్గర గట్టిగా నాలుక కరుచుకున్నాడు. ఒక కోటుకి రెండు ఎడమ చేతులు కత్తిరించి కూర్చున్నాడు.

ఆ షాపులో ఒక చట్టం ఉంది. బట్ట పాడుచేసినవాడు, వాడు యజమాని కానీ ఎవడు కానీ, కత్తిరింపు బల్ల ముందు చెవులు పట్టుకుని గుంజీళ్లు తియ్యాలి. ఎన్ని అన్న లెక్క లేదు. మాస్టరు "చాలు" అనేదాకా తియ్యాలి. పెట్టిందీ మాస్టరే. కోప్పడితే చేతులు వణికి ఇంకో బట్ట పాడవుతుంది, నవ్విస్తే గుర్తుంటుంది అంటాడు. బావమరిది టేపు తీసి బల్లమీద పెట్టి, చెవులు పట్టుకుని, పొట్ట అడ్డొస్తుంటే మూలుగుతూ మొదలుపెట్టాడు.

"కిందదాకా. దొంగ గుంజీళ్లు చెల్లవు," అంది మామ్మ.

"చాలు చాలు, పొట్ట దగ్గర కుట్లు ఊడతాయి," అన్నాడు మాస్టరు. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే మాస్టరు ఒక సంగతి గమనించాడు. ఆ పొట్టవాడు కింద కూర్చుని, దేన్నీ పట్టుకోకుండా, చెవులు వదలకుండా పైకి లేస్తున్నాడు. తను అలా లేవగలడా? మనసులోనే ఓసారి కూర్చుని లేవబోయాడు. మనసులో కూడా లేవలేకపోయాడు.

మర్నాడు దారి మధ్యలో కళ్లజోళ్ల షాపులోకి వెళ్లాడు. సూది బెజ్జం దొరకడం లేదంటే చూపు తగ్గిందేమో, అద్దాలు మారిస్తే సరిపోతుందేమో. కళ్లజోళ్లాయన గోడమీది అక్షరాలన్నీ చదివించి, కళ్లలోకి లైటు వేసి చూసి పెదవి విరిచాడు.

"చూపు బానే ఉంది. రెప్పలే సగం దించిన షట్టర్లలా ఉన్నాయి. నిద్ర లేదా?"

"ఉంది."

"అయితే నరాల డాక్టరుకి చూపించుకోండి. నా దగ్గర రెప్పలెత్తే అద్దాలు లేవు," అన్నాడాయన.

నరాల డాక్టరా? వీధి చివరి డాక్టరు అప్పటికే నీరసమని బలం మందు రాసిచ్చాడు. సీసా సగమైంది. బలం మాత్రం సీసాలోనే ఉండిపోయింది. మాస్టరు షాపుకొచ్చాడు. తాళం తీసింది మామ్మ. బావమరిది ఇంకా రాలేదు. మిషను ముందు కూర్చుని కాలు వేశాడు. కదల్లేదు. నూనె డబ్బా వైపు చెయ్యి చాపి ఆగిపోయాడు. ఇక తనని తాను ఎంతకాలం మోసం చేసుకుంటాడు?

బల్ల అంచు పట్టుకుని లేచి ట్రయల్ రూములోకి వెళ్లాడు. రూమంటే పెద్ద రూమేం కాదు, మూడు పక్కల చెక్క, ఒక పక్క తెర, లోపల నిలువుటద్దం. తెర వేసుకుని, అద్దం చట్రం రెండు చేతులా పట్టుకుని కిందికి దిగాడు. లేవలేకపోయాడు. తొడలు తనవి కానట్టున్నాయి. అద్దంలో ఒక ముసలాడు కోతిలా కూర్చుని తనవైపే చూస్తున్నాడు. సిగ్గేసింది. చట్రాన్ని గుంజి, మోకాళ్ల మీద చేతులు పాకించుకుంటూ ఎలాగో లేచాడు. మళ్లీ దిగాడు. ఈసారి కొంచెం తేలిక. మళ్లీ. ఎక్కణ్ణుంచి వస్తోందో గానీ కాళ్లలోకి బలం దిగుతోంది. నాలుగోసారికో అయిదోసారికో చట్రాన్ని వదిలేసి లేచాడు.

తెర తీసుకుని గబగబా వచ్చి మిషను మీద కూర్చుని కాలు వేశాడు. టకటకటక! మాస్టరు పకపకా నవ్వాడు. మామ్మ కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఏమైంది మాస్టారూ?"

"ఏం లేదు మామ్మా. మిషను దారికొచ్చింది."

కోటు వీపు కుట్టు ఒకటి పూర్తయ్యేసరికి మళ్లీ కాళ్లు బరువెక్కాయి. మళ్లీ తెర వెనక్కి వెళ్లొచ్చాడు. అలా సాయంత్రం దాకా గడిచింది. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్తాడు? గుంజీళ్లు తీస్తే కాళ్లొస్తున్నాయని చెప్తే ఎవరైనా నమ్ముతారా? అతనికే నమ్మకం కుదరలేదు. ఉన్న బలం పొద్దున్న ఎక్కడ దాక్కుంది? నాలుగు దెబ్బలేస్తే గానీ లేవని గొడ్డులా ఈ ఒళ్లు బద్ధకిస్తోందా? అంటే తను బద్ధకస్తుడా? ఇంటికెళ్లే దారి పొడుగునా అదే ఆలోచన. నడక చూస్తే తాగినవాడి నడకలా తూలుతోంది. ఎదురొచ్చే వాళ్లు పక్కకి తప్పుకుంటుంటే తలవంచుకుని ఇల్లు చేరాడు.

గుట్టు ఒక్కరోజు దాగింది. మర్నాడు పొద్దున్న హోటలు మేనేజరు నమూనా కోటు వేసి చూసుకోడానికి వస్తానన్నాడు. బావమరిది షాపు తుడిపించి, కోటుకి స్వయంగా ఇస్త్రీ చేసి, హ్యాంగరుకి తగిలించి, గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతున్నాడు.

"బావా, ఆ లైనింగు బట్ట మూట ఇలా అందుకో."

మాస్టరు స్టూలు మీంచి లేవబోయి మళ్లీ కూర్చుండిపోయాడు. "కాస్త చెయ్యివ్వరా," అన్నాడు. బావమరిది చెయ్యివ్వలేదు. తనే వెళ్లి మూట విసురుగా తెచ్చుకున్నాడు. ఆ విసురుకి మాస్టరుకి ఒళ్లు మండింది. తన మీద తనకే మండింది. బావమరిది వీధిలోకి తొంగిచూస్తున్నప్పుడు గోడ పట్టుకుంటూ ట్రయల్ రూములో దూరాడు.

మేనేజరు అనుకున్న దానికన్నా ముందే వచ్చాడు. బావమరిది చేతులు నలుపుకుంటూ, కోటు అందించి, "లోపల అద్దం ఉందండీ, దయచేయండి," అంటూ సర్రున తెర లాగాడు.

లోపల మాస్టరు గుంజీళ్లు తీస్తున్నాడు. అప్పుడే చట్రం వదిలేసి, ఎవరి సాయం లేకుండా, సుఖంగా పైకి లేస్తున్నాడు. మొహం మీద చిన్న నవ్వు కూడా ఉంది.

బావమరిది ముందు నవ్వాడు. "ఎవరు పాడుచేసిన బట్టకి బావా ఈ గుంజీళ్లు?" అన్నాడు. మేనేజరు కూడా నవ్వాడు. మాస్టరు తలదించుకుని ఇద్దరి మధ్యనుంచి పక్కకి ఒరుగుతూ బయటికొచ్చాడు. కోటు మేనేజరుకి నప్పింది. చేతులు మెచ్చుకున్నాడు, కాలరు మెచ్చుకున్నాడు, శనివారం అని వేలు చూపించి వెళ్లాడు. ఆయన స్కూటరు చప్పుడు సందు దాటేదాకా బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగాడు.

"చెయ్యివ్వమన్నావు. లేవలేనన్నావు. అయిదు నిమిషాల్లో లోపలికెళ్లి గుంజీళ్లు తీస్తున్నావు. ఇదేం వేషం బావా?"

"అలా తీస్తేనే కాళ్లు వస్తున్నాయిరా."

"ఓహో. పోయిన కాళ్లు గుంజీళ్లు తీస్తే వస్తాయా? కాళ్లు పోతే గుంజీళ్లు ఎలా వస్తాయి?"

అదే ప్రశ్న మాస్టరు రెండు రోజులుగా తనని తానే అడుగుతున్నాడు.

"నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ, నిద్ర నటించేవాణ్ణి ఎవడు లేపుతాడు?" బావమరిది అరిచాడు. కోపంతో అరిచాడో, శనివారం భయంతో అరిచాడో వాడికే తెలీదు. "నా కింద పనిచెయ్యడం ఇష్టం లేకపోతే మొహం మీద చెప్పు. మిషను మీద వేరేవాణ్ణి పెట్టుకుంటాను. నువ్వు మామ్మ పక్కన కూర్చుని బొత్తాలు కుట్టు."

అని మిగిలిన లైనింగు ముక్క ఒకటి తెచ్చి మాస్టరు మిషను మీద కప్పేశాడు.

మామ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. మాస్టరు ఆ పూటంతా కోట్లకి బొత్తాలు కుట్టాడు. దారం తడిపి ఇచ్చిన ప్రతిసారీ మామ్మ అతని మొహంలోకి చూసింది, అతను మాత్రం బొత్తం నాలుగు కళ్లలోకీ చూస్తూ ఉండిపోయాడు. అవమానం కన్నా పెద్దదొకటి అతన్ని తొలిచేస్తోంది. వాడన్నది నిజమైతే? నటిస్తున్న సంగతి నటించేవాడికి కూడా తెలియకుండా ఉంటుందా?

కబురు అతనికన్నా ముందు ఇంటికి చేరింది. భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మా తమ్ముడు ఫోను చేశాడు. వాడి నోటికి అడ్డూ ఆపూ లేదు, అది నాకు తెలుసు. మీరు చెప్పండి. నిజమేనా?"

"గుంజీళ్లు తీసింది నిజమే."

"నటిస్తున్నది?"

మాస్టరు చెప్పులు విడుస్తూ గోడ పట్టుకున్నాడు. "నాకే తెలియడం లేదే," అన్నాడు. "కావాలని చెయ్యడం లేదు. కానీ లేవలేనప్పుడు లేవలేను, నాలుగుసార్లు ప్రయత్నిస్తే లేస్తాను. ఇదేం జబ్బు? జబ్బయితే ప్రయత్నించేకొద్దీ తగ్గాలి గానీ పెరుగుతుందా బలం? నువ్వయినా నమ్ముతావా?"

ఆమె నమ్మానని అనలేదు. నమ్మలేదనీ అనలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. తర్వాత, "లేవండి చూద్దాం," అంది. అతను లేవబోయాడు. ఆమె వంగి అతని తొడమీద అరచెయ్యి వేసి ఉంచింది. చేతికింద కండ బిగుసుకోలేదు. పిండిముద్దలా ఉండిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ తొడమీద తలపెట్టి పడుకున్న మనిషి ఆమె. ఆ కండ అబద్ధం చెప్తోందో నిజం చెప్తోందో ఆమెకి చెయ్యి చెప్పింది.

చెయ్యి తియ్యకుండానే తమ్ముడికి ఫోను చేసింది. "రేపు నరాల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నువ్వూ రా. ఏమీ లేదంటే నీ చెవులతోనే విను."

"వస్తాను. ఏమీ లేదంటే మాత్రం ఇక షాపుకి రానక్కర్లేదని చెప్పు," అన్నాడు వాడు. మాస్టరుకి రెండు మాటలూ వినపడ్డాయి.

నరాల డాక్టరమ్మ గది మొదటి అంతస్తులో ఉంది. మాస్టరు మెట్ల కమ్మీ పట్టుకుని, భార్య భుజం పట్టుకుని, మధ్యలో ఆగి ఆగి ఎక్కాడు. మెట్లెక్కి గదిలోకి అడుగుపెట్టేసరికి, అతని అదృష్టమో దురదృష్టమో, కాళ్లలో కాస్త సత్తువ వచ్చింది. లేచి నిలబడమంటే నిలబడ్డాడు. నడవమంటే తూలుతూనే అయినా నడిచాడు. బావమరిది కిటికీ దగ్గర చేతులు కట్టుకుని, "చూశారా" అన్నట్టు అక్కవైపు చూశాడు.

డాక్టరమ్మ రాసుకుంటోంది. "ఎప్పట్నుంచి?" అని అడిగింది.

మాస్టరు చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున్న మిషను పట్టేస్తుందన్నాడు. నూనె సంగతి చెప్పాడు. సిగ్గుపడి ఒకచోట ఆగిపోయాడు. బావమరిది ఇక ఉండబట్టలేకపోయాడు.

"డాక్టరుగారూ, మీ టైము పాడుచెయ్యడం ఇష్టం లేక చెప్తున్నాను. ఈయనకేం లేదండీ. మా షాపులో తెర వేసుకుని గుంజీళ్లు తీస్తాడు. నా కళ్లతో చూశాను. లేవలేనని నా చెయ్యి అడిగిన మనిషి, నాలుగు గుంజీళ్లు తీసి బయటికొచ్చి మిషను గడగడా తొక్కుతాడు. కాసేపటికి మళ్లీ కాళ్లు లేవంటాడు."

"ఒరేయ్!" అంది అక్క.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. మొదటిసారి తలెత్తి బావమరిది వైపు పూర్తిగా తిరిగింది.

"మళ్లీ చెప్పండి."

"ఏదండీ?"

"గుంజీళ్లు తీశాక తొక్కగలుగుతాడన్నారే, అది."

బావమరిదికి ఊపు వచ్చింది. మళ్లీ చెప్పాడు. మామ్మ చూసింది కూడా కలిపి, పొద్దున్న ఎలా ఉంటాడో, తెర వెనక్కి వెళ్లొచ్చాక ఎలా ఉంటాడో, చేతులు తిప్పుతూ నటించి మరీ చూపించాడు. డాక్టరమ్మ ఒక్క ముక్క వదలకుండా విన్నది. నవ్వలేదు. లేచి వచ్చి మాస్టరుకి చెయ్యి చాపింది.

"గట్టిగా పట్టుకోండి. వదలకుండా పట్టే ఉంచండి."

మాస్టరు పట్టుకున్నాడు. మొదట వదులుగా ఉంది. క్షణం గడిచేకొద్దీ పట్టు బిగిసింది. డాక్టరమ్మ తనలో తను తలాడించింది. తర్వాత అతన్ని ఎత్తు మంచం మీద కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి, కాసేపు ఊరికే ఉండమంది. రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టింది. కాలు ఆరేసిన బట్టలా వేలాడుతూ ఉండిపోయింది. రెండో మోకాలి కిందా కొట్టింది. అదీ అంతే.

"ఇప్పుడు కాలు ముందుకి చాపి, బలమంతా పెట్టి బిగించండి. నేను చెప్పేదాకా." ఆమె తన అరచేత్తో అడ్డుపెట్టి పది లెక్కపెట్టింది. "వదలండి." వెంటనే అదే చోట అదే సుత్తితో కొట్టింది.

కాలు ఎగిరింది. ఎగిరి, దగ్గరికొచ్చి చూస్తున్న బావమరిది మోకాలి చిప్పకి టప్పున తగిలింది.

"అమ్మా!" అన్నాడు వాడు.

"నేను తన్నలేదురా," అన్నాడు మాస్టరు కంగారుగా.

"అవును, మీరు తన్నలేదు," అంది డాక్టరమ్మ. "ఆ దెబ్బకి కాలు కదలడం, కదలకపోవడం మనిషి చేతుల్లో లేదు. దీన్ని ఎవరూ నటించలేరు." బావమరిది వైపు తిరిగింది. "మీరు ఆ గుంజీళ్ల మాట చెప్పకపోతే నేను వేరే దారిలో వెతుక్కుంటూ ఎన్నాళ్లు తిరిగేదాన్నో. మంచిపని చేశారు."

ఆ మెచ్చుకోలు బావమరిదికి చెంపదెబ్బలా తగిలింది. మోకాలు రుద్దుకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. "మనం కాలు కదపాలనుకుంటే నరం కండకి కబురు పంపుతుంది. మీ ఒంట్లో ఆ కబురు సరిగ్గా అందడం లేదు. చెవుడున్న వాళ్ల ఇంటి తలుపు ఒకసారి తడితే తెరవరు కదా, అలాగే తట్టి తట్టి కొడితే అప్పుడు తెరుస్తారు. మీరు తెర వెనక చేసింది అదే. నోరు ఎండిపోతోందా?"

మాస్టరు నిర్ఘాంతపోయాడు. "దారం తడవడం లేదమ్మా," అన్నాడు.

"అదీ దీన్లో భాగమే. రెప్పలు వాలడమూ దీన్లో భాగమే."

"అంటే... ఇది నేను చేస్తున్నది కాదా?"

"కాదు."

మాస్టరు మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని భార్య దగ్గరికి జరిగింది. అతను నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు, రెండూ చేస్తున్నాడు. అన్ని రోజుల బరువు దిగిపోయింది. బద్ధకం కాదు, వేషం కాదు. నిజం జబ్బు, డాక్టరమ్మ ఎరిగిన జబ్బు.

"సిగరెట్లు కాలుస్తారా?" అంది డాక్టరమ్మ. ఆ గొంతు వేరేగా ఉంది.

"కాలుస్తాడమ్మా," అంది భార్య, అతని తరఫున.

"ఈ జబ్బు ఊరికే రాదు చాలాసార్లు. ఊపిరితిత్తిలో ఉండకూడనిది ఏదైనా పుడితే, దాన్ని తరమడానికి ఒళ్లు దండు కడుతుంది. ఆ దండు దారి తప్పి ఇలా నరాల మీద కూడా పడుతుంది. అందరికీ అలాగే ఉంటుందని కాదు. కానీ చూడకుండా వదలకూడదు. ఈరోజే నరాల పరీక్ష, ఛాతీకి స్కానింగు చేయిద్దాం."

మాస్టరు ఆమె పెదవుల వైపు చూస్తూనే ఉన్నాడు గానీ మాటలు అతనికి ఇంకా చేరలేదు. కాళ్లలోకి కబురు చేరనట్టే అవీ ఆలస్యంగా చేరాయి. చేరాక జేబులో సిగరెట్టు పెట్టె మీద చెయ్యి వేసి, కాలినట్టు తీసేశాడు.

స్కానింగులో కనబడింది. కుడి ఊపిరితిత్తి మొదట్లో, గోలీకాయంత గడ్డ. మర్నాడు డాక్టరమ్మ ఏదీ దాచలేదు. చూడ్డానికి క్యాన్సరులాగే ఉందనీ, ముక్క తీసి పరీక్ష చేస్తే గానీ ఖాయం కాదనీ, సోమవారం ఆసుపత్రిలో చేరాలనీ చెప్పింది. ఇంకా దగ్గయినా మొదలుకాలేదు, గడ్డ ఇంకా చిన్నగానే ఉంది, మీ కాళ్లు ముందుగా వచ్చి చెప్పాయి అంది. భరోసా ఇవ్వలేదు గానీ ఆశ ఇచ్చింది. భార్య వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మాస్టరు ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరాడు. అతనికి భయంగా ఉంది. కానీ ఆ భయం అడుగున, చెప్పుకోడానికి సిగ్గుపడేంత చిన్న నెమ్మది కూడా ఒకటి ఉంది. తను అబద్ధం కాదు.

బావమరిది వరండా ఆ చివర బల్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. దగ్గరికి రాలేదు. ఎప్పుడు లేచి వెళ్లాడో కూడా ఎవరూ చూడలేదు.

"ఇంట్లో పడుకోండి," అంది భార్య శనివారం పొద్దున్న.

"పడుకుంటే అదే ఆలోచన. సోమవారం దాకా నన్ను నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే గడ్డకన్నా ముందు నేనే పోతాను," అన్నాడు మాస్టరు. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తనూ చెప్పులేసుకుని, చెయ్యి పట్టుకుని షాపుదాకా వచ్చింది.

షాపు అప్పటికే తెరిచి ఉంది. కోట్లు గోడ పొడుగునా వరసగా వేలాడుతున్నాయి. ఒక్క నాలుగు మాత్రం చేతులు లేకుండా బల్లమీద ఉన్నాయి. మాస్టరు మిషను మీది లైనింగు ముక్క లేదు. గచ్చు మీద నూనె మరకలు ఎవరో కడిగారు. సూదిలో దారం ఎక్కించి ఉంది. మామ్మ తన మూల కూర్చుని, తెల్లవారకముందే వచ్చినట్టు, ఆవలింత ఆపుకుంటోంది.

మాస్టరు అలవాటు కొద్దీ ట్రయల్ రూము వైపు నడిచి ఆగిపోయాడు. తెర లేదు. కమ్మీతో సహా ఊడదీసేశారు. అద్దంలో షాపంతా కనబడుతోంది.

బావమరిది ఇస్త్రీ పెట్టె పక్కనపెట్టాడు. మెడలో టేపు తీసి బల్లమీద పెట్టాడు. కత్తిరింపు బల్ల ముందుకొచ్చి, అక్క చూస్తుండగా, మామ్మ చూస్తుండగా, రెండు చెవులూ పట్టుకుని కిందికి దిగాడు.

"ఏ బట్ట పాడైందిరా?" అన్నాడు మాస్టరు.

వాడు లేచాడు. మళ్లీ దిగాడు. ఈసారి మూలగలేదు, నవ్వించలేదు. కిందదాకా దిగుతున్నాడు. మామ్మ సూది బట్టలో గుచ్చి చేతులు ఒళ్లో పెట్టుకుంది. చట్టం ప్రకారం మాస్టరు "చాలు" అనాలి. అతను అనలేదు. పగతో కాదు. గొంతు పూర్తిగా ఎండిపోయి మాట పైకి రాలేదు. కొంచెం పగ కూడా ఉందేమో. మిషను మీద బట్ట కప్పిన చెయ్యి అది. ఆ చెయ్యి చెవి మీద ఉంటే కాసేపు చూడాలనిపించింది.

వాడి మొహం కందింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మోకాళ్లు వణకడం మొదలైంది. ఒకసారి దిగి లేవబోయి, సగంలో ఆగి, చెవి వదిలేసి బల్ల అంచు పట్టుకున్నాడు. సరిగ్గా మాస్టరు రోజూ పట్టుకునే చోట. పట్టుకుని గుంజాడు. కాళ్లు రాలేదు. కింద కూలబడి తలెత్తి చూశాడు.

"లేవలేకపోతున్నాను బావా," అన్నాడు. కళ్లనిండా నీళ్లు.

"చాలు," అన్నాడు మాస్టరు.

అని తన చెయ్యి చాపాడు. బావమరిది అందుకున్నాడు. మాస్టరు పట్టు మెత్తగా, వదులుగా, పసివాడి పట్టులా ఉంది. లాగడానికి చాలదు. వాడు భయపడి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"వదలకు," అన్నాడు మాస్టరు. "కాస్త ఆగరా. వస్తుంది."

ఇద్దరూ అలాగే ఆగారు. ఒక ఊపిరి, ఇంకో ఊపిరి. మెల్లగా వేళ్లు బిగిశాయి.